మార్లింగ్ బీడు గువ్వలు

నేను ఇంగ్లండు చూడలేదు. చూడవలసిన పనీ పడలేదు. అయినా ఇరవై రెండేళ్లుగా ఆ దేశపు పిట్టలకు మేత పంపుతున్నాను. అరకు, పాడేరు కొండల మీద పండే వలిసెలనే నల్ల నూనెగింజలు, కింద పొలాల్లో పండే జొన్నలు, కొర్రలు, కుసుమలు అనకాపల్లిలో మా గోదాముకు వస్తాయి. జల్లించి, రాళ్లు ఏరి, పంటితో కొరికి తేమ చూసి, మూడు గువ్వల మార్కు సంచుల్లో కుట్టి విశాఖ రేవుకు తోలుతాం. అక్కడివాళ్లు పెరట్లో జాలీ గొట్టాలు వేలాడదీసి ఆ గింజలు పిట్టలకు పోస్తారు. ఈ వ్యాపారంలో ఒక చిక్కుంది. కొనేది ఒకరు, తినేది మరొకరు. తినేవాళ్లు మాట్లాడలేరు. సరుకులో తప్పుంటే మాకు తెలిసేసరికి చాలా ఆలస్యమవుతుంది.

పదకొండేళ్ల కిందట ఒక కొనుగోలుదారు మా వలిసెలను గోల్డ్‌ఫించ్ అనే ఎర్రమూతి పిట్ట ముట్టడం లేదని రాశాడు. ఆ పిట్ట అసలేం తింటుందో చూద్దామని ఇంటర్నెట్‌లోని విజ్ఞాన సర్వస్వం తెరిచాను. అందులో వలిసెలంటే ఏదో ముళ్ల మొక్క గింజలని రాసి ఉంది. పేజీని ఎవరైనా దిద్దవచ్చని పైనే ఉంది గనుక దిద్దాను. ఆరు నిమిషాల్లో నా వాక్యం పోయి పాత వాక్యం వచ్చేసింది. చర్చ పేజీలో ఒకే ఒక్క మాట: "మూలం?" కింద సంతకం విన్‌ఫ్రెడ్ హార్గ్రీవ్.

"నేనే మూలం. ఆ గింజలు అమ్మేది నేనే" అని రాసి, బొడ్డేడ పరదేశి అని సంతకం పెట్టాను.

"మీరు మూలం కారు, మిస్టర్ బొడ్డేడ. మీరు మనిషి. అచ్చయిన పుస్తకం చూపించండి" అని ఆవిడ జవాబు.

నాకు పట్టుదల వచ్చింది. నాలుగు రోజులు తిరిగి వ్యవసాయ కళాశాలవాళ్లు ఎప్పుడో వేసిన చిన్న పుస్తకం సంపాదించి పుట సంఖ్యతో సహా పెట్టాను. ఆవిడ వెంటనే ఒప్పుకుని, కృతజ్ఞతలు చెప్పి, ఆ పక్కనే రాశారు: "మీకు గింజల సంగతి బాగా తెలిసినట్టుంది. గువ్వల పేజీలో మేత గురించిన భాగం ఖాళీగా ఉంది."

అలా దొరికిపోయాను. విన్‌ఫ్రెడ్ గారు నార్‌ఫోక్ తీరాన ఒక బడిలో గ్రంథాలయం చూసి రిటైరైన మనిషి. ఇంగ్లండు పిట్టలు, అవి బతికే బీళ్లు, కంచెలు, చిత్తడి నేలల గురించి రాసేవాళ్లం మొత్తం ఏడుగురం. జీతం లేదు, ఒకరి మొహం ఒకరికి తెలియదు. ఏ బీటిలో ఏ నెలలో ఏ కలుపు మొక్క గింజ రాలుతుంది, ఏ కంచెలో ఏ పిట్ట గూడు కడుతుంది, ఇలా ఊరూరా రాసుకుంటూ పోయాం. మధ్యాహ్నం భోజనమయ్యాక గోదాములో బస్తాల మీద కూర్చుని రోజూ ఒక గంట రాసేవాణ్ని. మా ఆవిడ నూకరత్నం చూసి, "కూలీ లేని పని అంత ఇదిగా చేసే వ్యాపారిని నిన్నే సూసేను" అనేది. నిజమే. ఎందుకు చేశావని అడిగితే చెప్పలేను. నా సరుకు చివరికి ఎవరి కడుపులోకి పోతోందో మొదటిసారి తెలిసింది, అంతే.

ఇక ఆ వాక్యం సంగతి చెప్పాలి. ఎనిమిదేళ్ల కిందట నేను రాసిందే. "ఆగస్టు నెలలో గువ్వలు మార్లింగ్ బీడుకు మేతకు చేరతాయి." ఏడు మాటలు.

ఇది నేను ఎక్కడా చదవలేదు. లెక్క కట్టాను. ఆ నార్‌ఫోక్ తీరంలోనే మార్లింగ్ అనే ఊళ్లో ఒక చిన్న దుకాణం మా జొన్న, కొర్ర, కుసుమల మిశ్రమం తెప్పించుకునేది. మామూలుగా నెలకు పది సంచులు. జూలై చివర మాత్రం ఒక్కసారిగా అరవై. మూడేళ్లు వరసగా అంతే. గిరాకీ ఉన్నచోట తినే నోళ్లు ఉన్నట్టే కదా. పటంలో చూస్తే ఊరి పక్కనే పెద్ద బీడు గీసి ఉంది. ఆ తీరంలో కొర్రలు, జొన్నలు ఇష్టపడే అడవి పిట్ట గువ్వే. ఇంకేం కావాలనుకున్నాను.

విన్‌ఫ్రెడ్ గారు దాన్ని కొట్టేయలేదు. అప్పటికి నా మీద గురి కుదిరింది. 'మూలం కావాలి' అని పక్కన చీటీ తగిలించి వదిలేశారు. రెండేళ్లు ఆ చీటీ అలాగే వేలాడింది. తర్వాత తూర్పు తీరపు పక్షుల మీద ఒక చిన్న పుస్తకం అచ్చయింది. ఇరవై మూడో పుటలో నా ఏడు మాటలూ నేను పేర్చిన వరసలోనే ఉన్నాయి. రాసినాయన మా పేజీ చూసి ఎత్తిరాశాడని చూడగానే తెలిసింది. సొంత సంచి కుట్టు ఎవరికైనా తెలుస్తుంది. విన్‌ఫ్రెడ్ గారు మాత్రం ఎంతో సంబరంగా చీటీ తీసేసి, ఆ పుస్తకాన్ని మూలంగా చేర్చి, "మన మార్లింగ్‌కు ఎట్టకేలకు ఆధారం దొరికింది" అని అందరికీ రాశారు. అందరూ అభినందించారు. నేను ఏమీ రాయలేదు.

పుస్తకం మమ్మల్ని చూసి రాసింది. మేము పుస్తకాన్ని చూపించాం. ఒకే గింజ రెండుసార్లు తూకానికి వచ్చింది. ఆ మాట నోరు విప్పి చెప్పడానికి ఒక్క రోజు చాలు. ఆ రోజు గడిచిపోయింది. ఆ మరుసటి ఏడు కొనుగోలుదారు 'మార్లింగ్ బీడు గువ్వల మేత' అని సంచి మీద వేద్దామన్నాడు. వేయించాను. ఆ పేరుతో సరుకు మూడు దేశాలకు పోయింది. కొండ మీద నలభై కుటుంబాలు మా కోసం కొర్రలు, జొన్నలు చల్లడం మొదలుపెట్టాయి. ఇక చెప్పడానికి రోజు దొరకలేదు.

మా చెల్లెలి కూతురు హైమావతి విశాఖలో ఒక ప్రయోగశాలలో పనిచేస్తుంది. మూడేళ్ల కిందట ఒక ఆదివారం ఇంటికొచ్చి అడిగింది.

"మావయ్యా, ఇంగ్లండు గువ్వలు పిల్లలకి మేత చోటు ఎలా చూపిస్తాయి?"

"చూపించడమేటమ్మా? పెద్దవి ఎగిరినచోటికి చిన్నవి ఎగురుతాయి."

"పెద్దవి లేకపోతే?"

అక్కడ గువ్వలు దాదాపు అడుగంటాయి. అక్కడి పక్షి సంరక్షణ సంస్థవాళ్లు పంజరాల్లో గుడ్లు పొదిగించి పిల్లలను చేయగలుగుతున్నారు. వదిలితే మాత్రం వాటికి దారి తెలియదు. ఎక్కడ మేత ఉందో చూపించే ముసలి పక్షి ఒక్కటీ లేదు. కంచె కింద కూర్చుని చచ్చిపోతున్నాయి. దీనికి ఉపాయం చూడమని హైమ ప్రయోగశాలను అడిగారు.

ఆ వారంలోనే నన్ను తన ప్రయోగశాలకు తీసుకెళ్లింది. బోనులో మన ఊరి గువ్వ ఒకటి ఉంది. దాని మెడ చర్మం కింద జొన్నగింజంత మర. బోనుకు అటొక గిన్నె, ఇటొక గిన్నె. హైమ బల్ల మీద ఏదో నొక్కింది. గింజలున్న గిన్నె దగ్గర పొడుచుకుంటున్న పక్షి తల ఎత్తి, నడిచి, రెండో గిన్నె దగ్గరికి వెళ్లి నిలబడింది.

"ఆ గిన్నె ఖాళీ కదే" అన్నాను.

"ఖాళీయే. దాని ఆకలి అటు తిరిగింది. అటు నడిస్తే కడుపులో మంట తగ్గుతుంది, ఇటొస్తే ఎక్కువవుతుంది. భూమి అయస్కాంతాన్ని చూసి మరే దిక్కు తెలుసుకుంటుంది."

"అంటే కడుపుకి పలుపుతాడు కట్టేవన్నమాట."

"నువ్వు ఏదన్నా అలాగే అంటావు. చోటికి చేరాక ఆకలిని సగానికి తగ్గిస్తుంది కూడా. కంగారు లేకుండా నిదానంగా వెతుక్కుంటాయని. మేత ఉన్నచోట సగం ఆకలి చాలు."

ఆ మరకు తోవగింజ అని పేరు పెట్టింది నేనే. ఏ నెలలో ఏ చోటికి తోవ చూపాలో మాత్రం దానికి ఎవరో చెప్పాలి. అంత వివరంగా, ఊరూరా, నెలనెలా రాసి పెట్టిన పటం ప్రపంచంలో ఒక్కటే ఉంది. అది మా ఏడుగురిదీ.

మేము ఒప్పుకునే ముందు ఒక షరతు పెట్టాం. పట్టుమని పది మీటలు నొక్కి ఎవడైనా ఆ పక్షులను తన వల దగ్గరికి పిలుచుకోగలిగితే ఎలా? "ఒక మనిషి చేతిలో పక్షి ఆకలి ఉండకూడదు" అని విన్‌ఫ్రెడ్ గారు రాశారు. ఆవిడ వెనక గట్టిగా నిలబడ్డది నేనే. కాబట్టి తాళం వేయించాం. తోవగింజలు రోజూ తెల్లవారగానే మా పేజీలను చదువుతాయి. అచ్చయిన మూలం ఉన్న వాక్యాన్నే నమ్ముతాయి. అలాంటి వాక్యాన్ని తీసేయాలంటే, అది తప్పని చెప్పే మరో అచ్చయిన మూలం ఉండాలి. ప్రయోగశాలకు కూడా తాళం చెవి లేదు.

ఈ ఏడు జూలైలో ముప్పై ఆరు గువ్వలను వదిలారు. హైమ గది గోడ మీద పటంలో ముప్పై ఆరు పచ్చ చుక్కలు. వారానికి రెండుసార్లు బస్సెక్కి వెళ్లి చూసేవాణ్ని. మొదటి మూడు వారాలు విన్‌ఫ్రెడ్ గారు రాసిన కంచెల వెంట, చెరువుల వెంట చక్కగా తిరిగాయి. మర ప్రతి పక్షి ఒంటి వేడిని కూడా చెబుతుంది. అన్నీ ఆరోగ్యంగా ఉన్నాయి. ప్రయోగశాలలో లడ్డూలు పంచారు.

ఆగస్టు ఆరున చుక్కలన్నీ తూర్పుకు తిరిగాయి.

"మీ మార్లింగ్‌కి బయల్దేరాయి మావయ్యా" అంది హైమ నవ్వుతూ. రెండు రోజుల్లో ముప్పై ఆరూ చేరాయి. చేరి, ఆగిపోయాయి. నాలుగో రోజుకు ఎగరడం తగ్గింది. ఆరో రోజుకు ఒంటి వేడి తగ్గింది. ఎనిమిదో రోజు రెండు చుక్కలు ఎర్రబడ్డాయి.

విన్‌ఫ్రెడ్ గారికి ఎనభై ఒక్క ఏళ్లు. రెండు బస్సులు మారి మార్లింగ్ వెళ్లారు. మధ్యాహ్నం ఆవిడ రాసింది గోదాములో నిలబడి చదివాను.

"బీడు లేదు. పన్నెండేళ్ల కిందటే దున్నేశారట. చుట్టూ బీట్‌దుంప పొలాలు, కంచెలు కూడా పీకేశారు. కరెంటు తీగ మీద నాలుగు గువ్వలు కూర్చుని ఉన్నాయి. కింద గింజలు చల్లాను. దిగి రెండుసార్లు ముక్కుతో పొడిచి మళ్లీ తీగెక్కాయి. గట్టు మీద ఒకటి చనిపోయి ఉంది. తిండి లేక చనిపోయిన పక్షి అంత తృప్తిగా పడుకుని ఉండటం నేనెప్పుడూ చూడలేదు."

సగం ఆకలి. మేత ఉన్నచోట అది చాలు. ఏమీ లేనిచోట పక్షి వెతకడమే మానేస్తుంది. బయటికి ఎగిరితే మంట, వెనక్కి వస్తే కడుపు నిండినట్టు ఉంటుంది.

గంట తర్వాత ఒక ఫొటో వచ్చింది. చెక్క కొట్టం, అందులో గూళ్లు, గూళ్లలో పావురాలు, నేల మీద సంచి. సంచి మీద మూడు గువ్వల మార్కు.

"ఇది మీ సంచే కదా?" అని రాశారు విన్‌ఫ్రెడ్ గారు. "ఈయన పందెం పావురాలు పెంచుతారు. ఆగస్టులో పిల్ల పావురాల పందేలట. ఊళ్లో ఇలాంటి కొట్టాలు పదకొండు ఉన్నాయి."

అంతే రాశారు. ఇంకేమీ అడగలేదు.

నేను అనకాపల్లిలో గవరపాలెం సందుల్లో పెరిగినవాణ్ని. పందేల రోజులు దగ్గరపడితే మేడల మీద పావురాలకు జొన్నలు, ఉలవలు ఎలా మేపుతారో చిన్నప్పుడు రోజూ చూశాను. ఆ అరవై సంచులు ఎవరు తింటున్నారో నాకు తట్టి ఉండాలి. ఇంగ్లండులో కూడా పందెం కాసేవాళ్లు ఉంటారని నాకు తోచలేదు. పెరట్లో పిట్టలకు గింజలు పోసే మర్యాదస్తులే అక్కడ ఉంటారనుకున్నాను.

రత్నం జల్లెడ పక్కన పెట్టి నా దగ్గరికొచ్చింది.

"ఏటలాగున్నావు? నోట్లో గింజ ఎంతసేపట్నించో నములుతున్నావు, ఉమ్మనేదు."

చెప్పాను. చివరిదాకా విని, బస్తా మీది అక్షరాల వైపు చూసింది.

"అయితే ఆ సంచి మీద మాట అబద్ధమా?"

"అబద్ధం కాదే. తప్పు లెక్క."

"నువ్వు రాసిన్నాడు తప్పు లెక్క. ఆ పుస్తకం వొచ్చినాక?"

నోట్లో గింజ ఉమ్మేశాను.

"అదీ" అంది. "కొండ మీద కొర్రలు జల్లినోళ్లకేటి సెప్తావు?" అని అడిగింది.

మర్నాడు ప్రయోగశాలకు వెళ్లాను. అప్పటికి ఏడు చుక్కలు ఎర్రబడ్డాయి. హైమ రెండు రోజులుగా అదే చీరలో ఉంది.

"మర ఆపలేవా?"

"మనమే కదా మావయ్యా తాళం వేయించాం. నువ్వూ ఆవిడా ఎంత వాదించారో నాకు గుర్తుంది. అక్కడ పొలాల సర్వే ఒకటి జరుగుతోందట. డిసెంబరులో అచ్చవుతుందట. అది మూలంగా పనికొస్తుంది."

"డిసెంబరుకి పక్షులుండవు."

"ఉండవు." ఆమె గోడ వైపే చూస్తోంది. "అక్కడి సంస్థవాళ్లు ఫోన్ చేశారు. సగం పోతే పథకం మూసేస్తామన్నారు. ఐదేళ్ల పని. సరేలే, అది తర్వాత. మార్లింగ్ వాక్యం ఎక్కడ తప్పిందో అర్థం కావడం లేదు. పుస్తకంలో ఉంది కదా."

నా మేనకోడలికి ఆ వాక్యం పుట్టుక చెప్పాను. వింటున్నంతసేపూ ఆమె నా మొహం చూడలేదు. నాకు అదే మేలనిపించింది.

"అది తప్పని నేనే రాస్తే?" అన్నాను.

"నువ్వు రాస్తే చాలదు. నువ్వు మూలం కాదు మావయ్యా."

పదకొండేళ్ల తర్వాత అదే మాట మళ్లీ విన్నాను. మూలం కావాలంటే అచ్చు కావాలి. అచ్చు అంటే నా ఉత్తరం వేస్తే కుదరదు. సంపాదకుడు తానే విచారించి, తానే రాసి, తన పేరు మీద వేయాలి. ఏ భాషలో ఉన్నా ఫరవాలేదు. ఆ నియమం నాకు కంఠతా వచ్చు.

అనకాపల్లి మార్కెట్ యార్డు పక్కన కాండ్రేగుల సూర్యం ప్రెస్సు ఉంది. 'యార్డు కబురు' అని వారపత్రిక వేస్తాడు. మంగళవారం వస్తుంది. బెల్లం ధర, అపరాల ధర, ఎవరి గోదాము అద్దెకుంది, ఇవే వార్తలు. ధరలో అణా తేడా ఉన్నా మళ్లీ యార్డుకు పోయి కనుక్కుని గాని వేయడు. అందుకే అతని దగ్గరికి వెళ్లాను. ఆ రోజు సోమవారం.

"బెల్లం ధర రాసే పేపర్లో ఇంగ్లండు గువ్వలేటోయ్ పరదేశీ?" అని నవ్వాడు. "పోనీ ఆ గువ్వలు బెల్లం తింటాయేటి?"

సంగతి చెప్పాక నవ్వు మానేశాడు. మార్లింగ్ దుకాణం పాత ఆర్డరు కాగితాలు తెమ్మన్నాడు. తెచ్చాను. ఆ దుకాణానికి స్వయంగా ఫోన్ చేసి, తనకొచ్చిన ఇంగ్లీషులో పావురాల సంగతి అడిగాడు. విన్‌ఫ్రెడ్ గారి ఫొటో చూశాడు. పుస్తకంలో ఇరవై మూడో పుట, మా పేజీ పాత ప్రతి పక్కపక్కన పెట్టి మాట మాట పోల్చాడు. చివరికి కలం మూత తీసి నన్ను చూశాడు.

"ఆ పుస్తకం నీ రాతే ఎత్తిరాసిందని నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నించి?"

"ఆరేళ్లు."

"ఇదీ రాయాలి మరి."

"అది రాయకపోతే అవదా?"

"ఎందుకవదు? వేరే పేపరు సూసుకో." కొంచెం మెత్తబడ్డాడు. "ఒరే, నీ సంచి మీద పేరుంది. నీకు గింజలు జల్లినోళ్లున్నారు. రేపు యార్డులో నిన్ను సూసి నవ్వుతారు. ఇంటికెళ్లి ఆలోసించుకో. వొచ్చే మంగళవారం వేద్దాం."

వచ్చే మంగళవారానికి ఎన్ని చుక్కలుంటాయో వేసుకున్నాను. రోజుకు నాలుగు చొప్పున లెక్క తేలికే.

"రేపే వెయ్యి" అన్నాను.

మంగళవారం పొద్దున పత్రిక వచ్చింది. మొదటి పుటలో బెల్లం ధర, రెండో పుటలో నేను. పుట ఫొటో పంపి, విన్‌ఫ్రెడ్ గారికి ఫోన్ చేయవచ్చా అని అడిగాను. పదకొండేళ్లలో ఆవిడ గొంతు వినడం అదే మొదలు. సన్నటి గొంతు, మధ్యలో దగ్గు.

"నాకు తెలుగు రాదు, మిస్టర్ బొడ్డేడ. మూలం చదవలేనప్పుడు వినాలి. మొదట ఉన్నది ఉన్నట్టు చదవండి. తర్వాత నా భాషలో చెప్పండి."

చదివాను. అర్థం కాకపోయినా ఆవిడ అడ్డు రాలేదు. తర్వాత ఒక్కొక్క వాక్యం ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టాను. దుకాణం, అరవై సంచులు, పావురాలు, దున్నేసిన బీడు. ఆరేళ్ల వాక్యం దగ్గరికి వచ్చాను. దాన్ని దాటేసి కింది వాక్యానికి పోవచ్చు. ఆవిడకు తెలిసే దారి లేదు. గువ్వలు బతకడానికి ఆ వాక్యంతో పని కూడా లేదు.

"పుస్తకంలోని మాట తనదేనని వ్యాపారికి ఆరేళ్లుగా తెలుసు. అతను ఎవరికీ చెప్పలేదు" అని చెప్పాను.



"ఆ మూలం దొరికిన రోజు నేను అందరికీ రాశాను" అన్నారు విన్‌ఫ్రెడ్ గారు. "ఆరుగురిలో ఐదుగురు సంతోషించారు. మీ దగ్గర్నుంచి ఒక్క మాట లేదు. నాకు అప్పుడే అనుమానం వచ్చింది. కామా తప్పుపడితే ఉత్తరం రాసే మనిషినే, ఆ ఒక్కటీ అడగలేదు. మీలాంటి సహాయకుడు మళ్లీ దొరకడని అడగలేదు. అది నా వంతు తప్పు. మీ పత్రికలో దానికి చోటు లేకపోయింది."

నేను ఏదో అనబోయాను.

"ఇప్పుడు వద్దు. వాక్యం తీసేస్తున్నాను. మూలం పేరు అక్షరం అక్షరం చెప్పండి, తప్పు పడకూడదు."

'యార్డు కబురు' అని చెప్పాను. ఆవిడ మూడుసార్లు పలికి చూసుకుని రాసుకున్నారు.

అక్కడ తెల్లవారేసరికి ఇక్కడ పది గంటలు. బుధవారం పొద్దున హైమ గదిలో గోడ ముందు నిలబడ్డాం. రత్నం కూడా వచ్చింది. అంతకుముందు ఆమె ఎప్పుడూ రాలేదు. పది దాటి పావుగంటకు ఒక చుక్క కదిలింది. ఆగింది. మళ్లీ కదిలి పడమరకు, విన్‌ఫ్రెడ్ గారి కంచెల వైపు సాగింది. దాని వెనక మూడు. తర్వాత ఒకేసారి ఆరు. రత్నం వేలు మడుస్తూ లెక్కపెట్టింది. ఇరవై ఒకటి దగ్గర వేళ్లు ఆగాయి.

"మిగిలినవో?" అంది.

"మిగిలినవి అక్కడే ఉంటాయి అత్తా" అంది హైమ.

పథకం మూయలేదు. ఇంకొక ఏడాది చూస్తామన్నారు. హైమ కొత్త తోవగింజలో ఆకలి తగ్గించే పని తీసేసింది. దిక్కు చూపితే చాలు, కడుపు సంగతి పక్షి చూసుకుంటుంది అంటోంది. యార్డులో నవ్వారు. నెల రోజులు నవ్వి మానేశారు. కొనుగోలుదారు సంచి మీది పేరు తీయించాడు. ఆ సరుకు మూడో వంతుకు పడింది. కొండకు నేనే వెళ్లి నలభై ఇళ్లకూ చెప్పాను. కిల్లో లైకోను అనే పెద్దాయన అంతా విని, "జొన్నలే కదా బాబూ. పిట్టలు తినకపోతే మేం తింటాం" అన్నాడు. ఆయన ధైర్యం చెప్పాడో, దెప్పాడో ఇప్పటికీ తేల్చుకోలేదు. వలిసెలు మాత్రం కొంటున్నాను. ఎర్రమూతి పిట్టలు తింటున్నాయి. దానికి మూలం ఉంది.

మార్లింగ్ పేజీ ఇప్పుడు ఇలా ఉంది: "ఇక్కడ గువ్వలు మేతకు చేరతాయన్నది అనకాపల్లి విత్తన వ్యాపారి ఒకరి పొరపాటు లెక్క." పక్కన సూర్యం పత్రిక పేరు, తేదీ, పుట. వేల పేజీలు దిద్దాను. నా ప్రస్తావన ఉన్నది ఆ ఒక్క దాంట్లోనే. పక్క ఇంటివాళ్లకు చూపించనా అంది రత్నం. చూపించమన్నాను.

నిన్న టపాలో ఒక కవరు వచ్చింది. కస్టమ్స్ చీటీ మీద విన్‌ఫ్రెడ్ గారు తన చేత్తో "గింజలు, పదిహేను" అని రాశారు. లోపల ఉత్తరం లేదు. పదిహేను తోవగింజలు. ఎనభై ఒకటో ఏట ఆవిడ బీట్‌దుంప గట్ల వెంట నడిచి, ఒక్కొక్క పక్షినీ వెతికి, తీయించి పంపారు. అరచేతిలో పోసుకుంటే జొన్నలకూ వాటికీ తేడా తెలియలేదు. అలవాటు కొద్దీ కాటాలో వేశాను. ముల్లు కదల్లేదు.

రత్నం జల్లెడ దగ్గర్నుంచి చూసింది. "ఆ కాటాకి అవి తూగవు" అంది.

మధ్యాహ్నం బస్సుకు విశాఖ వెళ్లి హైమకు ఇచ్చి రావాలి. కవరులో తిరిగి పోసే ముందు మరొకసారి లెక్కపెట్టాను. పదిహేనే.